చిన్న విమానం రెక్క చివరి లైటు ఊగుతుంటే గట్టిగా నిలబెట్టడం ఎలా?

రెక్క చివరి నావిగేషన్ లైటును (ఒక రెక్కకు ఎరుపు, ఇంకో రెక్కకు ఆకుపచ్చగా వెలిగే దీపాన్ని) వేళ్లతో కదిపితే కటకటలాడుతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ తీసి ప్రతి స్క్రూకూ అర తిప్పు ఇచ్చి, ఇక కదలదులే అని వెళ్లిపోతారు. ఇరవై గంటలు ఎగిరేసరికి మళ్లీ అదే కటకట. ఈసారి ఇంకో అర తిప్పు. మూడోసారి లెన్స్ చిట్లుతుంది, లేదంటే స్క్రూ ఎంత తిప్పినా అంతూదరీ లేకుండా తిరుగుతూనే ఉంటుంది.

లైటు వదులైనప్పుడు తప్పు స్క్రూది కావడం అరుదు. ఆ స్క్రూ దేన్ని పట్టుకుని నిలబడాలో అది పాడైపోయి ఉంటుంది. చాలా చిన్న విమానాల్లో ఆ పని నట్‌ప్లేట్‌ది. రేకు వెనక రెండు చిన్న రివెట్లతో బిగించిన, రెండు చెవులున్న నట్టు అది. దాని మూతిని తయారీలోనే కాస్త నొక్కి ఉంచుతారు కాబట్టి స్క్రూను పిడికిట పట్టినట్టు పట్టుకుంటుంది. స్క్రూ తీసి పెట్టిన ప్రతిసారీ ఆ పట్టు కొంచెం సడలుతుంది. పట్టు పోయిన నట్‌ప్లేట్‌లో కొత్త స్క్రూ వేసినా, పాతది ఇంకా బిగించినా ఒకటే.

పైగా లైటు ఉన్న చోటు అలాంటిది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2,400 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే సెకనుకు 40 చుట్లు, చుట్టుకు రెండు పేలుళ్లు, అంటే సెకనుకు 80 కుదుపులు. గంటకు 2,88,000. రెండాకుల ప్రొపెల్లర్ గాలిని కొట్టే లెక్క కూడా సరిగ్గా అంతే. ఆ అదురంతా రెక్క వెంట పాకి, అన్నిటికంటే పలచగా ఉండే చివరి తొడుగు దగ్గర తేలుతుంది. అక్కడ వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, అది తనంతట తానే పెరుగుతుంది.

ఇక్కడ చెప్పేది రెక్క చివర ఫైబర్‌గ్లాస్ లేదా ఏబీఎస్ ప్లాస్టిక్ తొడుగు మీద కూర్చునే మామూలు నావిగేషన్ లైటు గురించి. ముక్కులోని ల్యాండింగ్ లైటు, తోక మీది బీకన్ (మినుకుమినుకుమనే హెచ్చరిక దీపం) గురించి చివర్లో రెండు మాటలు.

పనిలోకి దిగేముందు మీ దేశంలో ఏ పని ఎవరు చేయవచ్చో చూసుకోండి. అమెరికాలో విమాన మరమ్మతుల నిబంధనలైన 14 సీఎఫ్ఆర్ పార్ట్ 43 అపెండిక్స్ ఏ ప్రకారం నావిగేషన్, ల్యాండింగ్ లైట్ల బల్బులు, రిఫ్లెక్టర్లు, లెన్స్‌లు మార్చడం పైలట్ సొంతంగా చేసుకోగల పనుల్లోకి వస్తుంది. రివెట్లు తీసి నట్‌ప్లేట్ మార్చేటప్పుడు మాత్రం, మీరు ఎక్కడున్నా, లైసెన్స్ ఉన్న ఇంజనీరును పక్కన పెట్టుకుని చేయండి. చూసి సంతకం పెట్టాల్సింది ఆయనే.

కావలసినవి

2 నంబరు ఫిలిప్స్ బిట్లు, కొత్తవి, కనీసం రెండు. అరిగిన బిట్టుతో మొదలుపెట్టేవాళ్లే స్క్రూ తలలు నాశనం చేస్తారు. వాల్వ్ గ్రైండింగ్ పేస్టు కొంచెం. 3/32 అంగుళం డ్రిల్ బిట్లు, అదే సైజు పిన్ పంచ్, 40 నంబరు బిట్టు, 100 డిగ్రీల కౌంటర్‌సింక్ కట్టర్, 3/32 క్లికోలు (రివెట్ వేసేదాకా రేకులను కలిపి పట్టే తాత్కాలిక స్ప్రింగు పిన్నులు, వెండి రంగువి), రివెట్ స్క్వీజర్. సరైన కొలత నట్‌ప్లేట్లు, రివెట్లు, కొత్త స్క్రూలు, కొత్త గాస్కెట్. మల్టీమీటర్. టార్క్ సీల్ లక్క (స్క్రూ తిరిగితే తెలిసేలా గీత గీసే రంగు లక్క). విమానం పార్ట్స్ మాన్యువల్ తెరిచి పక్కన ఉండాలి. స్క్రూ నంబరు అందులో చూడాలి కానీ డబ్బాలో కెలికి వెతకకూడదు.

కరెంటు తీసేయడం

మాగ్నెటోల (ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే యంత్రాల) తాళంచెవి బయటికి తీసి జేబులో వేసుకోండి. మాస్టర్ స్విచ్ ఆఫ్, లైట్ల సర్క్యూట్ బ్రేకర్ లాగేయండి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర.

నావిగేషన్ లైటు పక్కనే జెనాన్ స్ట్రోబ్ (తళుక్కున మెరిసే దీపం) కూడా ఉంటే ఇంత సరిపోదు. దానికి కరెంటిచ్చే పెట్టెలోని కెపాసిటర్లు స్విచ్ ఆపాక కూడా వందల వోల్టులు దాచుకుని కూర్చుంటాయి. ఆపిన తర్వాత కనీసం 5 నిమిషాలు ఏ కనెక్టరూ ముట్టుకోకూడదు. ఎల్ఈడీ స్ట్రోబ్‌లకు ఈ బాధ లేదు, కానీ లోపల ఏది ఉందో తెలియనప్పుడు జెనాన్ అనే అనుకోవాలి.

అసలు ఏది కదులుతోంది?

దీనికి రెండు నిమిషాలు చాలు, అయినా ఎవరూ చేయరు. ఎడమచేత్తో రెక్క తొడుగును అదిమి పట్టి, కుడిచేతి రెండు వేళ్లతో లైటును మెల్లగా కదపండి.

లెన్స్ ఒక్కటే కదిలి లైటు దిమ్మె కదలకపోతే గాస్కెట్ ఎండిపోయింది, లేదా లెన్స్‌ను పట్టే రింగు స్క్రూ వదులైంది. ఇది తేలిక పని. దిమ్మె మొత్తం తొడుగు మీద కదులుతుంటే నట్‌ప్లేటో, తొడుగులోని బెజ్జమో పోయింది. లైటు, తొడుగు కలిసి రెక్క మీద కదులుతుంటే లైటు జోలికే వెళ్లనక్కరలేదు. తొడుగును రెక్కకు పట్టి ఉంచే స్క్రూల వరసలోనే గోల ఉంది. అక్కడ బెజ్జాలు కోలగా సాగిపోయి ఉంటాయి. దానికి శంఖు ఆకారపు పలచని వాషర్లు వేసి భారాన్ని వెడల్పుగా పంచడం సరైన దారి. పెద్ద స్క్రూ వేసేద్దాం అనే ఆలోచన మానుకోవాలి. ఇవాళ 8 నంబరు స్క్రూను 10 నంబరు చేస్తే, రేపు 10ని ఏం చేస్తారు?

కంటికి కనిపించే సాక్ష్యం కూడా ఉంటుంది. స్క్రూ తలల చుట్టూ గాలి పోయే దిక్కుగా నల్లటి మరక సాగి ఉంటే, అది ఇంజన్ మసి కాదు. అల్యూమినియం అల్యూమినియంతో రాసుకుని రాలిన పొడి. ఆ మరక ఏ స్క్రూ దగ్గర ఎక్కువుందో అక్కడ మొదలుపెట్టండి. స్క్రూ చుట్టూ రంగు ఉంగరంలా పగిలి ఉన్నా అదే అర్థం.

లైటు దించడం

ఫిలిప్స్ బిట్టు కొనకు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు చుక్క అద్దండి. జారకుండా కరిచి పట్టుకుంటుంది. తిప్పేకంటే ఎక్కువ బలంతో లోపలికి నొక్కాలి. లెన్స్, రింగు, బల్బు, దిమ్మె వరసగా తీసి గుడ్డ మీద వరసగానే పెట్టండి. వైర్లు విప్పే ముందు ఒక్కోదానికి టేపు ముక్క అతికించి పేరు రాయండి. హాలోజన్ బల్బు అయితే గాజును వేళ్లతో ముట్టుకోకండి. అంటిన జిడ్డు ఉన్నచోట వేడి పేరుకుని బల్బు ముందే మాడిపోతుంది.

లెన్స్ దించాక తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, తేలికైన సబ్బు మాత్రమే. థిన్నర్, ఎసిటోన్, ఎంఈకే లాంటి ద్రావకాలు తగిలితే అక్రిలిక్ మీద సాలెగూడులాంటి సన్న పగుళ్లు పరుచుకుంటాయి. అప్పుడే కనిపించకపోవచ్చు, ఎండకు నాలుగు రోజులుంటే బయటపడతాయి. లెన్స్‌లో స్క్రూ బెజ్జం నుంచి ఇప్పటికే పగులు మొదలై ఉంటే దాని కొనన చిల్లు పెట్టి ఆపే ప్రయత్నాలు వద్దు, లెన్స్ మార్చేయండి. తొడుగుకైతే ఆ చిట్కా పనికొస్తుంది. లెన్స్‌కు పనికిరాదు, ఆ చిల్లులోంచి నీళ్లు దిగుతాయి.

ఇప్పుడు ప్రతి నట్‌ప్లేట్‌నూ పరీక్షించండి. కొత్త స్క్రూ తీసుకుని ఒట్టి వేళ్లతో తిప్పండి. ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోవాలి, అక్కడి నుంచి స్క్రూడ్రైవర్ కావాలి. వేళ్లతోనే చివరిదాకా వెళ్లిపోతే ఆ నట్‌ప్లేట్ పట్టు పోయింది. బాగున్నట్టు కనిపిస్తున్నా సరే, మార్చాల్సిందే.

నట్‌ప్లేట్ మార్చడం: తొందర పనికిరాని చోటు

పని చెడేది నూటికి నూరుపాళ్లు ఇక్కడే. ముందు ఒక నియమం: రెక్క తొడుగు మొత్తం ఊడదీసి బల్ల మీద పెట్టి చేయండి. పదుల కొద్దీ స్క్రూలు విప్పాలని బద్ధకించి, లైటు ఉన్న సందులోంచే చేయి దూర్చి వెనక నట్‌ప్లేట్‌ను తడుముతూ పని కానిచ్చేద్దాం అనుకుంటారు. రివెట్ వెనక ఏముందో కనిపించదు, ఊడిన ముక్కలు రెక్కలోకి జారిపోతాయి, డ్రిల్లు వైర్లకు తగులుతుంది. పైగా కొన్ని విమానాల్లో ఇంధన ట్యాంకు, దాని వెంట్ గొట్టం ఆ పక్కనే ఉంటాయి. అక్కడ డ్రిల్లు మోటారు నిప్పురవ్వలు రువ్వడం ఎవరికీ మంచిది కాదు. తొడుగును దూరంగా బల్ల మీదికి తెస్తే ఈ భయాలన్నీ ఒక్కసారే తీరిపోతాయి.

తొడుగు తీయకముందే ఒక చిక్కు రావచ్చు. రివెట్ తెగిన నట్‌ప్లేట్ స్క్రూతో పాటే గిరగిరా తిరుగుతుంది, స్క్రూ బయటికి రాదు. అప్పుడు దిమ్మె అంచు కింద పలచని ప్లాస్టిక్ పుల్ల దూర్చి కొద్దిగా పైకి ఎత్తి పట్టి, ఆ లాగుడు మీద స్క్రూ తిప్పండి. రాపిడికి నట్‌ప్లేట్ ఒక్కోసారి ఆగి స్క్రూ వచ్చేస్తుంది. రాకపోతే స్క్రూ తలనే డ్రిల్లు చేయాలి. 8 నంబరు స్క్రూ మొల (తల కింది కాడ) మందం 4.17 మిల్లీమీటర్లు. అంతే మందం బిట్టుతో తల నడుమ నిలువుగా, నెమ్మదిగా దిగితే తల ఉంగరంలా ఊడి వస్తుంది. బిట్టు పక్కకు జారితే దిమ్మె బెజ్జం పోతుంది, అందుకే ముందు సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాలి. గ్రైండరుతో తల కోసేద్దామని చూడకండి. ఆ వేడికి ఏబీఎస్ మెత్తబడి వంకర పోతుంది.

ఇక రివెట్లు. నట్‌ప్లేట్లకు వాడేవి సాధారణంగా ఏఎన్ 426 ఏడీ 3 రకం, 3/32 అంగుళాలవి. ఏడీ రివెట్ తల నడుమ చిన్న చుక్కలాంటి గుంట ఉంటుంది. అది అలంకారం కాదు, ఏ లోహమో చెప్పే గుర్తు. మనకు మాత్రం బిట్టు కొన నిలపడానికి దేవుడిచ్చిన గుంట. 3/32 బిట్టును అందులో పెట్టి ముందు చేత్తో రెండు చుట్లు తిప్పండి. సరిగ్గా నడుమ పడిందో లేదో చూశాకే మోటారు ఆన్ చేయండి, అదీ తక్కువ వేగంలో. తల మందం వరకే దిగాలి. తల బిట్టుతోపాటు తిరగడం మొదలైందంటే ఆగిపోవాలి, అంతకుమించి ఒక్క చుట్టు కూడా వద్దు. పిన్ పంచ్ ఆ గుంటలో పెట్టి పక్కకు ఒంచితే తల టప్పున ఊడుతుంది. తర్వాత వెనక చెక్కదిమ్మె ఆనించి, దానికో బెజ్జం ఉండేలా చూసుకుని, మొలను పంచ్‌తో మెల్లగా వెనక్కి తట్టండి.

ఎక్కువమంది చేసేది వేరు. రివెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో డ్రిల్లు చేసేస్తారు. బిట్టు మెత్తని మొల మీద జారి రేకులోకి కోసుకుపోతుంది, గుండ్రటి బెజ్జం కోలగా మారుతుంది. కొత్త రివెట్ ఆ కోల బెజ్జంలో నిండదు. ఆరు నెలల్లో నట్‌ప్లేట్ మళ్లీ ఊగుతుంది. కొత్త పార్టు వేసినా నిలవలేదని పార్టును తిట్టుకుంటారు.

బెజ్జం ఇప్పటికే చెడిపోయి ఉంటే రెండు దారులున్నాయి. లోహపు రేకు అయితే నట్‌ప్లేట్‌ను పావు చుట్టు తిప్పి, చెవులు కొత్త చోట ఆనేలా కొత్త బెజ్జాలు పెట్టండి. రేకు అంచుకు, రివెట్ కేంద్రానికి మధ్య దూరం రివెట్ మందానికి రెట్టింపుకంటే తగ్గకూడదు. 3/32కి అది 3/16 అంగుళం. పాత బెజ్జాలను ఖాళీగా వదలకుండా రివెట్లతో మూసేయండి. ఫైబర్‌గ్లాస్ అయితే చెడిన బెజ్జాన్ని గరుకు కాగితంతో గీకి, ఎపాక్సీలో కాటన్ ఫ్లాక్స్ (పొడిలాంటి దూది నూగు) కలిపిన ముద్దతో నింపి, 24 గంటలు ఆరనిచ్చి మళ్లీ డ్రిల్లు చేయాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ ఇందుకు పనికిరాదు. ఎండలో నిలిచిన విమానం రెక్క వేడికి అది మెత్తబడుతుంది.

ఫైబర్‌గ్లాస్‌కూ ఏబీఎస్‌కూ ఇంకో జాగ్రత్త ఉంది. రివెట్ నొక్కినప్పుడు మొల బెజ్జంలో ఉబ్బుతుంది. లోహం ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది, ఫైబర్‌గ్లాస్ చుట్టూ తెల్లబారి చిట్లుతుంది. అందుకే వెనక 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ ఒకటి వేసి, నట్‌ప్లేట్లన్నీ దాని మీద రివెట్ చేయాలి. ఒక్కో నట్‌ప్లేట్ ఒంటరిగా లాగకుండా భారం పట్టీ అంతటా పరుచుకుంటుంది. విమానం తయారీదారు పట్టీ ఇవ్వని చోట మీరు వేస్తుంటే ఇంజనీరుతో ముందే మాట్లాడండి.

కొత్త నట్‌ప్లేట్‌ను కంటి అంచనాతో పెట్టకండి. అసలు స్క్రూనే వేసి నట్‌ప్లేట్‌ను రేకుకు లాగి, చెవులు నిటారుగా చూసుకుని, ఒక చెవిలోంచి 40 నంబరు బిట్టుతో మొదటి బెజ్జం పెట్టి క్లికో గుచ్చండి. అప్పుడు రెండోది. రెండు బెజ్జాలూ ఒకేసారి గుర్తు పెట్టి డ్రిల్లు చేస్తే రెండోది ఎప్పుడూ వెంట్రుకవాసి పక్కకే పడుతుంది. తర్వాత అంచుల బరక తీసేయండి.

కౌంటర్‌సింక్ దగ్గర కోణం చూసుకోవాలి. హార్డ్‌వేర్ పనుల్లో వాడే మామూలు కట్టర్లు 82 లేదా 90 డిగ్రీలవి. విమానపు రివెట్లు, చప్పట తల స్క్రూలు 100 డిగ్రీలవి. తప్పు కట్టరుతో తీసిన గుంటలో తల పై అంచు మాత్రమే ఆనుతుంది, అడుగు గాల్లో ఉంటుంది. ఆనిన ఆ సన్న అంచు అదురుకు అరిగి, మళ్లీ అదే కటకట. గుంట లోతు రేకు మందాన్ని దాటకూడదు. దాటితే బెజ్జం అడుగు అంచు కత్తిలా పదునై రివెట్ మెడనే కోస్తుంది. 3/32 రివెట్‌కు రేకు 0.032 అంగుళాలకంటే పలచగా ఉంటే కట్టరు వాడకుండా డింపుల్ డైతో (రేకును కోయకుండా గుంటగా నొక్కే అచ్చుతో) నొక్కాలి.

రివెట్ పొడవు ఎంత? కలిసిన మందం, దానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపండి. స్క్వీజర్‌తో నొక్కాక వెనక తల దాదాపు 3.6 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల ఎత్తు రావాలి. సుత్తితో కొట్టేవాళ్లున్నారు. ఒక్కోసారి బాగానే వస్తుంది. వంగిన ప్రతిసారీ మళ్లీ డ్రిల్లు చేయాలి, బెజ్జం మళ్లీ పెద్దదవుతుంది.

రేకులోకి సొంతంగా మర కోసుకునే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు వేసి నట్‌ప్లేట్ గొడవే లేకుండా చేసుకున్నామని మురిసిపోయేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఫైబర్‌గ్లాస్‌లో ఆ స్క్రూ ప్రతిసారీ కొత్త దారి కోసుకుంటుంది. నాలుగుసార్లు లెన్స్ తీసి పెట్టేసరికి అది బెజ్జం కాదు, బొక్క. దాని సూది కొన లోపల వైర్ల కట్టకు ఎదురుగా ఉంటుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. రివ్‌నట్లు (రివెట్‌లా బెజ్జంలో ఉబ్బి కూర్చునే నట్లు) అంతకంటే కొంచెం నయం, కానీ మెత్తని తొడుగులో అవీ ఏదో ఒకరోజు గుండ్రంగా తిరుగుతాయి. నట్‌ప్లేట్ ఒక్కదానికే తిరగకుండా ఆపే రెండు చెవులున్నాయి.

స్క్రూ సరైనదేనా

6-32, 8-32 రెండింటికీ అంగుళానికి 32 మరలే. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. ఇంకా మోసం చేసేది మెట్రిక్ ఎం4. దాని మందం 4 మిల్లీమీటర్లు, మర దూరం 0.7. 8-32కి 4.17, 0.79. ఎం4 స్క్రూ 8-32 నట్‌ప్లేట్‌లోకి రెండు మూడు చుట్లు హాయిగా దూరుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగిసింది కదా, గట్టిగా ఉంది అనుకుంటారు. నిజానికి మరలు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. ఏ స్క్రూ అయినా నట్టు దాటి కనీసం ఒక మర బయటికి కనిపించాలి. మరీ పొడుగైతే వెనక వైర్లకు గుచ్చుకుంటుంది.

రెక్క చివర్లో ఎలక్ట్రానిక్ దిక్సూచికి సంబంధించిన మాగ్నెటోమీటర్ ఉన్న విమానాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అక్కడ మామూలు ఉక్కు స్క్రూ వేస్తే దిక్కు చూపు తప్పుతుంది. ప్రతి స్క్రూనూ అయస్కాంతంతో ముట్టించి చూడండి, అతుక్కుంటే పక్కన పడేయండి. మిగతా చోట్ల కూడా స్టెయిన్‌లెస్ వాడటమే మేలు, పాత తుప్పు స్క్రూలు మళ్లీ వేయడం అనే మాటే వద్దు. ముట్టించిన అయస్కాంతాన్ని మాగ్నెటోమీటర్ దగ్గర మర్చిపోకండి.

తిరిగి కూర్చడం

ఎర్త్ సంగతి ముందు చూడండి. ఫైబర్‌గ్లాస్ తొడుగు మీది లైటుకు ఎర్త్ ప్రత్యేక వైరు ద్వారా వస్తుంది. లోహపు తొడుగు మీద కొన్ని లైట్లకు ఎర్త్ దిమ్మె, స్క్రూల ద్వారానే అందుతుంది. అలాంటి చోట దిమ్మె అడుగున సీలెంటు దట్టంగా పూస్తే లైటు గట్టిగా నిలుస్తుంది, వెలగడమే మానేస్తుంది. దిమ్మె ఆనే చోట లోహాన్ని మెరిసేదాకా రుద్ది, సీలెంటును చుట్టూ అంచుకే పరిమితం చేయండి.

సీలెంటు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం అసలు వద్దు. ఆ ఆవిరిలోని ఎసిటిక్ ఆమ్లం అల్యూమినియంనూ బల్బు హోల్డరునూ తినేస్తుంది. వాసన రాని న్యూట్రల్ రకం వాడాలి. అదీ పైన, పక్కల మాత్రమే. అడుగున 6 మిల్లీమీటర్ల సందు వదలండి, దిమ్మెకున్న నీటి బెజ్జం మూసుకుపోకుండా చూడండి. చుట్టూ మూసేస్తే నీళ్లు రావనుకుంటారు. లోపలి గాలిలోని తేమ చల్లారి నీరైతే అది పోయే దారి ఉండదు.

వైరుకు వెనక కాస్త వదులు ఉంచి, లైటుకు దగ్గర్లోనే క్లాంపుతో కట్టండి. బరువంతా టెర్మినల్ మీద వేలాడితే అదురుకు తీగ పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

స్క్రూలన్నీ ముందు వేళ్లతో పట్టించి, తర్వాత ఎదురెదురుగా మూడు దఫాలుగా బిగించండి. లోహం మీద లోహం ఆనే 8-32 స్క్రూకు, మాన్యువల్‌లో వేరే అంకె లేకపోతే, 12 నుంచి 15 అంగుళ పౌండ్లు, అంటే 1.4 నుంచి 1.7 న్యూటన్ మీటర్లు. ఫైబర్‌గ్లాస్ తొడుగు మీద అంత పెట్టకూడదు, తల ఆని గాస్కెట్ సమంగా అణగగానే ఆపేయాలి.

లెన్స్ స్క్రూలు వేరే లెక్క. అక్రిలిక్ వేడికి అల్యూమినియంకంటే దాదాపు మూడు రెట్లు సాగుతుంది. నేల మీద మండుటెండలో బిగించిన లెన్స్ పైకి వెళ్లాక గడ్డకట్టే చలిలో కుంచించుకుపోతుంది. కదలడానికి చోటు లేకుండా స్క్రూ పట్టేస్తే బెజ్జం దగ్గర చిట్లుతుంది. అందుకే లెన్స్ బెజ్జం స్క్రూకంటే కాస్త పెద్దదిగానే ఉండాలి. ఆ పట్టు ఇవ్వాల్సింది స్క్రూ బలం కాదు, గాస్కెట్. తల ఆనాక పావు తిప్పు, గాస్కెట్ అంచు బయటికి ఉబ్బకముందే ఆగాలి.

థ్రెడ్ లాకర్ గురించి ఒకే మాట: లైటు దగ్గర వద్దు. నట్‌ప్లేట్ తనంతట తానే పట్టుకునే రకం, దానికి జిగురు అక్కరలేదు. ఆ ద్రవం కారి అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఏబీఎస్ దేనికి తగిలినా ఒత్తిడి ఉన్న చోట పగుళ్లు తెస్తుంది. పళ్ల వాషర్లు కూడా వద్దు, రంగును గీరి తుప్పుకు తలుపు తీస్తాయి. ఇక లైటు చుట్టూ టేపు చుట్టి ఎగిరేవాళ్లకు ఏం చెప్పాలో ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

పరీక్ష

బ్యాటరీ కలిపి లైటు వెలిగించండి. పైలట్‌కు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ. నవ్వకండి, రెండు తొడుగులూ ఒకేసారి బల్ల మీద పెట్టిన రోజున ఇది తారుమారవుతుంది. విమానానికి ఎదురుగా నిలబడి పక్కకు నడుస్తూ చూడండి. ముక్కు దిక్కు నుంచి పక్కకు 110 డిగ్రీల దాకా ఆ రంగు కనిపించాలి. దిమ్మె వంకరగా కూర్చుంటే ఈ కోణం తప్పుతుంది.

లైటు వెలుగుతుండగా బ్యాటరీ ప్లస్ కొసకు, లైటు ప్లస్ టెర్మినల్‌కు మధ్య వోల్టేజీ కొలవండి. తర్వాత లైటు ఎర్త్‌కు, బ్యాటరీ మైనస్‌కు మధ్య. 14 వోల్టుల విమానంలో రెండూ కలిపి అర వోల్టు, 28 వోల్టుల దానిలో ఒక వోల్టు దాటితే ఎక్కడో వైరు కలిసే చోట మురికి ఉంది. కొలిచేటప్పుడు వేళ్లతో లైటును కదిపి చూడండి, అంకె ఎగిరిపడకూడదు.

ప్రతి స్క్రూ తల మీద నుంచి దిమ్మె మీదికి టార్క్ సీల్ లక్కతో సన్న గీత గీయండి. లెన్స్ స్క్రూల దగ్గర లక్క కూడా ప్లాస్టిక్‌కు తగలనీయకండి. లాగ్‌బుక్‌లో ఏ నట్‌ప్లేట్లు మార్చారో, ఏ పార్ట్ నంబర్లో రాయించండి.

ముక్కులోని ల్యాండింగ్ లైటు, తోక బీకన్

కౌలింగ్‌లోని (ఇంజన్ చుట్టూ ఉండే మూతలోని) ల్యాండింగ్ లైటు వద్ద మీ చేతులు ప్రొపెల్లర్ పరిధిలో ఉంటాయి. తాళంచెవి జేబులో ఉన్నా మాగ్నెటో తీగ తెగి ఉంటే ఆ ప్రొపెల్లర్ చిన్న కదలికకే తిరగవచ్చు. దాన్ని ఎప్పుడూ బతికున్నట్టే చూడాలి. 4509 రకం సీల్డ్ బల్బు నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని పట్టేది ఒక రింగు, స్ప్రింగులున్న మూడు సర్దుబాటు స్క్రూలు. ఊగుతుంటే చాలావరకు స్ప్రింగు చచ్చుబడి ఉంటుంది. స్క్రూ బిగిస్తే లైటు గట్టిపడదు, కాంతి దిక్కు మారుతుంది. స్ప్రింగులు మార్చి, చీకట్లో గోడ మీద కాంతి ఎక్కడ పడుతుందో మళ్లీ సరిచేయండి.

తోక నిలువు రెక్క మీది బీకన్ ఊగితే ముందు దాని కింది ప్లాస్టిక్ మూతను భూతద్దంతో చూడండి. స్క్రూ బెజ్జాల నుంచి బయలుదేరిన సన్న పగుళ్లు అక్కడ మామూలు. మూత పగిలి ఉండగా బీకన్ బిగించడం దండగ.

మొదటి ఎగురుడు తర్వాత ఒకసారి, 10 గంటల తర్వాత ఇంకోసారి లక్క గీతలు చూడండి. గీత తెగితే స్క్రూ తిరిగింది, అంటే ఆ నట్‌ప్లేట్‌కు పట్టు లేదు. గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉండి కూడా లైటు కదులుతుంటే స్క్రూలను ముట్టుకోకండి. తొడుగు అంచు వరసకు వెళ్లి కోల బెజ్జాల కోసం వెతకండి.